మూడు రెక్కలకు ఒక్క ఇంజను

విస్కాన్సిన్‌లో ఆష్‌కాష్‌కి దక్షిణంగా, మొక్కజొన్న చేల మధ్య ఒక గడ్డి రన్‌వే ఉంది. పక్కనే వరసగా రేకుల షెడ్లు. వాటిలో ఒకదాంట్లో ఫాకర్ డి.ఆర్.1 తయారవుతోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నడిపిన మూడు రెక్కల విమానం అది, ఎర్ర రంగు పూసి జర్మన్ పైలట్ రిక్టోఫెన్ ఎక్కి తిరిగింది. అప్పట్లో సుమారు 320 కట్టారు, ఒక్కటీ మిగల్లేదు. బెర్లిన్ మ్యూజియంలో దాచుకున్నది కూడా రెండో యుద్ధంలో బాంబుల పాలైంది. ఇవాళ ఎక్కడ కనిపించినా అది తర్వాత ఎవరో కట్టుకున్నదే.

షెడ్డు పెద్దాయన హైస్కూల్లో పిల్లలకు లేతు, వెల్డింగు నేర్పి రిటైరైనవాడు. మా తోడల్లుడు మిల్వాకీలో మెకానికల్ ఇంజనీరు, శనివారాలు ఇక్కడ చెయ్యి సాయం చేస్తుంటాడు. "రెక్కలు మూడూ అయిపోయాయి అన్నయ్యా, ఇంజను దగ్గరే ఆగిపోయాం. ఒకసారి చూద్దురుగాని రండి" అని నన్ను వెంటబెట్టుకెళ్ళాడు.

స్టీలు పైపులు అతికిన అస్థిపంజరం రెండు స్టాండ్ల మీద ఉంది. ముక్కు ఉండాల్సిన చోట తాళ్ళతో కట్టిన ఇసుక సంచులు వేలాడుతున్నాయి. తోక కింద కాటా. సంచుల బరువు మారుస్తూ, ముందుకీ వెనక్కీ జరుపుతూ, తోక ఎంత తూగుతోందో గోడ మీద సుద్దతో రాస్తున్నారు. ఇంజను కొనక ముందే దాని బరువు ఎక్కడ పడుతుందో చూసుకోవడం అన్నమాట. అసలు ఇంజను సుమారు 145 కిలోలు. ఫాకర్ మూతి పొట్టిది కాబట్టి, అక్కడ బరువు తగ్గితే తోక బరువెక్కుతుంది. తోక బరువైన విమానం పైలట్ మాట వినదు.

మరి ఆ అసలు ఇంజన్నే పెట్టొచ్చు కదా అన్నాను. పెద్దాయన అల్మరాలోంచి ఒక సిలిండరు తీసి నా చేతిలో పెట్టాడు. ఫ్రెంచివాళ్ళ ల రోన్ ఇంజనుది. ఫాకర్‌కి బిగించిన 110 హార్స్‌పవర్ ఓబెరూర్జెల్ దానికి జర్మన్ నకలు. చల్లబరిచే రెక్కలు ఎంత పల్చగా ఉన్నాయంటే వేలు ఒత్తి పట్టుకోవాలంటే భయమేసింది. పోత పోసి చేసింది కాదు, స్టీలు దిమ్మను లేతు మీద చెక్కి తీసింది. ఇలాంటివి తొమ్మిది చుట్టూ అమర్చి, మొత్తం ఇంజన్నే ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిప్పేవారు. క్రాంక్‌షాఫ్టు మాత్రం విమానానికి బిగించి కదలకుండా ఉండేది. తిరుగుతూ ఉంటుంది గనుక గాలికి తనే చల్లబడుతుంది, నీళ్ళూ రేడియేటరూ అక్కర్లేదు.

సిలిండరు మూతిని ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసిన వాసనే. ఆముదం! పెట్రోలు ఆవిరి క్రాంక్‌కేసు లోంచే సిలిండర్లకు వెళ్ళే ఏర్పాటు ఇది. మామూలు ఆయిలైతే పెట్రోల్లో కరిగి కొట్టుకుపోతుంది, ఆముదం కరగదు. పోసిన ఆముదం తిరిగి ట్యాంకుకి రాదు, పొగతో పాటు బయటికి చిమ్ముతుంది. గంటకు లీటర్ల కొద్దీ ఖర్చు. ఆ తుంపర్లు పీల్చి పైలట్లకు కడుపు జారేదట. పాలమూరు ఆముదపు చేలు చూసి, ఇంట్లో ఆ మందు తాగి పెరిగినవాణ్ణి, నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. 1918 నాటికి జర్మనీకి ఆముదం దొరక్క బదులు నూనెలు పోస్తే ఇంజన్లు మొరాయించాయి.

అసలు చిక్కు మరోటి. అంత బరువు తిరుగుతుంటే బొంగరం గుణం వస్తుంది. కుడికి తిప్పితే ముక్కు కిందికి దిగుతుంది, ఎడమకు తిప్పితే పైకి లేస్తుంది. వేగం తగ్గించడానికి సరైన థ్రాటిల్ ఉండదు. దిగేటప్పుడు మీట నొక్కి నిప్పురవ్వ ఆపుతూ, వదులుతూ రావాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ఓల్డ్ రైన్‌బెక్‌లో ఇలాంటి ఇంజన్లతో పాత విమానాలు ఎగరేస్తారు. న్యూజిలాండ్‌లో బ్లెనమ్ దగ్గర ఇలాగే తిరిగే నోమ్ రోటరీ ఇంజన్లు కొత్తగా చేసే వర్క్‌షాపు కూడా ఉంది. "అవి నేర్పేవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకోవాలి. నా వయసుకి వద్దు" అని పెద్దాయన సిలిండరు లోపల పెట్టేశాడు.

తోడల్లుడి ఓటు లైకామింగ్ ఓ-320కి. 150 హార్స్‌పవర్, 110 కిలోల చిల్లర. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా విప్పగలడు. అడ్డంగా పడుకున్న నాలుగు సిలిండర్లు ఫాకర్ గుండ్రటి మూతలో దాక్కుంటాయి, స్టార్టరు నొక్కితే చాలు. తగ్గిన బరువుకు ముక్కులో సీసం పెట్టుకోవాలి. తేలిగ్గా ఉందని ఇంజను కొని సీసం మోయడమేమిటని నాకు నవ్వొచ్చింది, అయినా నేనూ అటే మొగ్గాను.

పెద్దాయన సుద్దముక్క తీసుకున్నాడు. అసలు ప్రొపెల్లర్ సుమారు 2.6 మీటర్లు, నిమిషానికి 1200 చుట్లు. కొసల వేగం సెకనుకు 163 మీటర్లు. లైకామింగ్ తిరిగేది 2700. అదే ప్రొపెల్లర్ తగిలిస్తే కొసలు 367 దగ్గరికి పోతాయి, ధ్వని వేగాన్ని దాటి. అప్పుడు అది లాగడం తక్కువ, అరవడం ఎక్కువ. కాబట్టి 1.9 మీటర్లకు కుదించాలి. కానీ ఫాకర్ మూతి అడ్డం సుమారు మీటరు. చిన్న ప్రొపెల్లర్ తిరిగే వలయంలో నాలుగో వంతుకు పైగా ఆ మూతి అడ్డమే. మూడు రెక్కలతో నెమ్మదిగా పోయే విమానానికి కావాల్సింది పెద్ద ప్రొపెల్లర్, తక్కువ చుట్లు. హార్స్‌పవర్ చూసి ఇంజను ఎంచుకోవడం కార్ల అలవాటు, ఇక్కడ ముందు చూడాల్సింది ప్రొపెల్లర్‌నే. ఆ లెక్క చూశాక నా ఓటు వెనక్కి తీసుకున్నాను.

ఆయన మనసు వార్నర్ కంపెనీ ఇంజను మీద ఉంది. డెట్రాయిట్‌లో 1930లలో వచ్చిన సూపర్ స్కారబ్, ఏడు సిలిండర్లు చుట్టూ అమర్చి ఉన్నా తిరగని రేడియల్. 145 హార్స్‌పవర్, 2050 చుట్లకే. బరువు దాదాపు 140 కిలోలు. సీసం అక్కర్లేదు, 2.3 మీటర్ల ప్రొపెల్లర్ పడుతుంది. ఆస్ట్రేలియా వాళ్ళ రోటెక్ ఆర్2800 గురించీ ఆలోచించారట. అదీ ఏడు సిలిండర్లే, 110 హార్స్‌పవర్, గేర్లతో ప్రొపెల్లర్ వేగం తగ్గిస్తుంది. కానీ గేర్లంటే పెద్దాయనకు నమ్మకం లేదు.

"తొమ్మిదికి ఏడు పెడితే ఆష్‌కాష్‌కి విమాన ప్రదర్శన చూడ్డానికి వచ్చే జనం లెక్కపెడతారు సార్" అన్నాడు తోడల్లుడు.

"మూత కింద లెక్కపెట్టాలంటే వాళ్ళు బోర్లా పడుకోవాలి."

వార్నర్‌కి ఇబ్బందులు లేకపోలేదు. కంపెనీ ఎప్పుడో మూతబడింది, పిస్టన్ రింగు కావాలన్నా వేటే. నిలిపి ఉంచితే ఆయిల్ కింది సిలిండర్లలోకి దిగుతుంది, ప్రొపెల్లర్‌ని చేత్తో కొన్ని చుట్లు తిప్పి చూసుకోకుండా స్టార్ట్ చేస్తే లోపల రాడ్లు వంగుతాయి. ప్రభుత్వపు నిబంధన ఇంకోటుంది. ఇంట్లో కట్టిన విమానానికి ముందే ఆమోదం పొందిన ఇంజను–ప్రొపెల్లర్ జోడీ ఉంటే పరీక్ష గంటలు సాధారణంగా 25, లేకపోతే 40. ఈయన ప్రొపెల్లర్‌ని చెక్కతో ప్రత్యేకంగా చెక్కిస్తాడట, కాబట్టి 40.

ఇంజను ఒహాయోలో ఒకరి గోదాంలో ఉంది, బేరం కుదిరింది. తేలనిది ఇంజను బిగించే మౌంటు పొడవు. రెండంగుళాలు ముందుకు జరపాలని తోడల్లుడు, అప్పుడు మూత పొడుగై ఫాకర్ పోలిక పోతుందని పెద్దాయన. వచ్చే శనివారం ఇసుక సంచులు 140 కిలోలకు సరిచేసి, తోక మళ్ళీ తూచాకే పైపులు కోస్తామన్నారు.