మెదక్ దారిలో ఒక చిన్న ప్రమాదం

హైదరాబాదు నుండి మెదక్‌కు వెళ్లడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి నాగపూరు రహదారి మీద వెళ్లి చేగుంట దగ్గర తిరిగే దారి. రెండవది బాలానగర్, గండిమైసమ్మ, గుమ్మడిదల, నర్సాపూర్, కౌడిపల్లి, కొల్చారం మీదుగా పోయే దారి. ఏ దారిని వెళ్లినా దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణమే. చర్చి చూడబోయేవారు ఎక్కువగా రెండవ దారినే ఇష్టపడతారు. నగరం ఇళ్లూ కార్ఖానాలూ వెనుకబడగానే నర్సాపూర్ అడవి మొదలవుతుంది. రోడ్డుకు రెండు వైపులా చెట్లు, వాటి మీద కోతులు. ఎవరైనా అరటిపండు వేస్తారేమోనని ఆ కోతులు రోడ్డు మీదికే వచ్చి కూర్చుంటాయి. ఆ జాలి వల్లనే అవి బండ్ల కింద పడుతున్నాయి కనుక ఏమీ వేయకుండా, నెమ్మదిగా సాగిపోవడమే మేలు. అడవి దాటి నర్సాపూర్ చేరితే రాయరావు చెరువు కనబడుతుంది. అక్కడి నుండి మెదక్ వరకు వరి పొలాలే.

మేము కృష్ణా జిల్లా నుండి హైదరాబాదులో ఉన్న మా అక్కయ్య ఇంటికి వచ్చి, నవంబరు నెల చివరలో ఒక శనివారం ఈ దారిన బయలుదేరాము. కారు మా మేనల్లుడు నడిపాడు. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్లు. లైసెన్సు వచ్చి ఆరు నెలలైంది. నగరంలో కాలేజీకి నడుపుకొని వెళ్లడమే తప్ప ఇంత దూరం పల్లెదారిలో నడపడం అదే మొదటిసారి.

నవంబరులో ఈ ప్రాంతంలో వానాకాలపు వరి చేతికి వస్తుంది. కోత మిషను కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. తేమ తగ్గనిదే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఆరబోసుకోవడానికి అందరికీ కల్లాలు లేవు. అందుచేత రైతులు తారు రోడ్డు మీదనే ఒక పక్కగా ధాన్యం పోసి, బండ్లు ఎక్కకుండా అంచు వెంబడి రాళ్లు పెడతారు. వాహనాలకు సగం రోడ్డే మిగులుతుంది. వద్దని పోలీసులు ఏటా చెబుతూనే ఉంటారు. రాత్రివేళ ఆ రాళ్లు కనబడక ప్రాణాలు పోయిన సంగతులు కూడా ఉన్నాయి. అయితే ఆరుగాలం కష్టపడిన రైతుకు ఆ నాలుగు రోజులు వేరే చోటు ఏది? సేద్యం చేసుకునే కుటుంబాల వారికి ఈ బాధ మేము చెప్పనక్కరలేదు.

కౌడిపల్లి దాటిన తరువాత మేము వెళ్తున్న ఎడమ పక్కన అటువంటి ధాన్యపు రాశి ఒకటి వచ్చింది. దానిని తప్పించాలంటే కుడి పక్కకు వెళ్లాలి. ఎదురుగా ఒక పెద్దాయన టి.వి.ఎస్. మోపెడ్ మీద పాల క్యాను కట్టుకొని వస్తున్నాడు. ఆయన తన పక్కన తాను సక్రమంగానే వస్తున్నాడు. ముందుగా దాటిపోవచ్చునని మా మేనల్లుడు అనుకున్నాడు. అయితే చాలినంత జాగా లేదు. బ్రేకు వేశాడు గాని, రోడ్డు మీద చెదిరిన గింజల మీద చక్రాలు కొంచెం జారాయి. కారు ముందు బంపరు కుడి మూల పాల క్యానుకు తగిలింది. మోపెడ్ పక్కకు ఒరిగిపోయింది. పెద్దాయన మట్టిలో పడ్డాడు. పాలు రోడ్డు మీద తెల్లగా పారాయి.

ఆ క్షణంలో కారులో ఎవరి నోట ఏ మాట వచ్చిందో చెప్పుకోవాలి. మా అక్కయ్య భయంతో, “ఆపకురా, పోనివ్వు, కొడతారు!” అని అరిచింది. తల్లి మనసు అది. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది, చేతులు వణుకుతున్నాయి. అయినా కారు ఆపాడు. “అమ్మా, ఆయన లేచాడో లేదో చూడకుండా ఎట్లా వెళ్తాం?” అన్నాడు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనుక వచ్చేవారికి తెలిసేలా నాలుగు ఇండికేటర్లు వెలిగేటట్లు మీట నొక్కి, అటూ ఇటూ చూసుకొని దిగాడు. మేమూ వెంటనే దిగాము.

మొదట చూడవలసింది మనిషిని. బంపరునూ గీతలనూ కాదు. మేనల్లుడు పెద్దాయన దగ్గర మోకాళ్లూని, “పెద్దయ్యా, ఎక్కడ తగిలింది? తల తిరుగుతోందా? కాళ్లు కదుపు చూద్దాం” అని అడిగాడు. గబుక్కున లేవదీయలేదు. ఎముక విరిగినా, మెడకు దెబ్బ తగిలినా, తొందరపడి లేపితే హాని ఎక్కువవుతుంది. తెలివి లేకపోయినా, రక్తం ఆగకపోయినా 108కి ఫోను చేసి అంబులెన్సు వచ్చేవరకు కదపకుండా ఉంచాలి. ఇక్కడ దేవుని దయవలన అంత అవసరం రాలేదు. పెద్దాయన తానే లేచి కూర్చుని, “ఏం గాలేదు బిడ్డా. మోచెయ్యి గీసుకపోయింది, గంతే. పాలే అన్నీ పాయె” అన్నాడు. ఆయన తలకు చుట్టుకున్నది తువ్వాలే, హెల్మెట్ లేదు. రాళ్ల మీద కాక మట్టిలో పడ్డాడు గనుక సరిపోయింది.

పొలాల్లో నుండి పది పదిహేను మంది వచ్చారు. ఒకరిద్దరు యువకులు, “పదివేలు తియ్యిండ్రి, లేకుంటే బండి కదలనియ్యం” అని గట్టిగా మాట్లాడారు. ఎవరి తప్పు అనే వాదన ఆ చోట మొదలుపెడితే అది తేలేది కాదు. మేనల్లుడు చేతులు జోడించి, “అన్నా, నేను పారిపోవడం లేదు. ముందు పెద్దయ్యను ఆసుపత్రికి తీసుకుపోతాను. తరువాత పోలీసు స్టేషనుకు నేనే వస్తాను. మీలో ఒకరు మాతో రండి” అన్నాడు. ఆ మాటతో సగం కోపం చల్లారింది. పాల పెద్దాయనే మిగిలిన వారిని, “పోరడు ఆగిండు గదా, ఇంకేంది” అని మందలించాడు.

బండ్లను పక్కకు తీసేముందు మేము సెల్‌ఫోనుతో నాలుగైదు ఫోటోలు తీశాము. ధాన్యపు రాశి, రెండు బండ్లు ఉన్న చోటు, రెండింటి నంబర్లు, తగిలిన భాగాలు అందులో ఉన్నాయి. పెద్దాయన పేరు, ఊరు, ఫోను నంబరు ఒక కాగితం మీద రాసుకొని, మేనల్లుడి వివరాలు కూడా రాసి ఆయన చేతికిచ్చాము. చూసిన వారిలో ఇద్దరి నంబర్లు తీసుకున్నాము.

దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ గాయం కడిగి, కట్టు కట్టి, ధనుర్వాతం రాకుండా ఇంజక్షను చేసింది. అక్కడి నుండి పోలీసు స్టేషనుకు వెళ్లాము. దారిలో మా అక్కయ్య కొడుకుతో మెల్లగా, “ఆయనే మన పక్కకు వచ్చాడని చెబితే సరిపోతుంది గదరా” అన్నది. అతను ఒక నిమిషం మాట్లాడలేదు. స్టేషనులో మాత్రం జరిగింది జరిగినట్లే చెప్పాడు. “ఆయన తన పక్కనే వచ్చాడు సార్. నేను ఆగి ఆయనను పోనివ్వవలసింది. దాటగలననుకున్నాను.” ఆ అధికారి అతని లైసెన్సు, బండి రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు కాగితాలు చూసి, సంగతి రాసుకున్నారు. ఫిర్యాదు ఇస్తావా అని పెద్దాయనను అడిగితే, పాల సొమ్ము, బండి బాగుచేతకు అయ్యే ఖర్చు ఇస్తే చాలన్నాడు. పన్నెండు లీటర్ల పాలు, పగిలిన లైటు, వంగిన హ్యాండిలు, అన్నీ కలిపి 2,400 రూపాయలైంది. ఇచ్చినట్లు, పుచ్చుకున్నట్లు ఒక కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేశారు. అడిగిన పదివేలు ఎక్కడ, న్యాయంగా తేలిన ఈ లెక్క ఎక్కడ!

ఇక్కడ చట్టం ఏమి చెబుతుందో మన యౌవనస్థులు తెలుసుకోవడం మంచిది. 1988 మోటారు వాహనాల చట్టంలో 134వ సెక్షను డ్రైవరు విధులను చెబుతుంది. మనిషికి దెబ్బ తగిలినా, ఇతరుల ఆస్తికి నష్టం కలిగినా ఆ విధులు వర్తిస్తాయి. గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరి స్టేషనులో తెలియజేయాలి. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపాలి. జనం మీద పడి కొడతారన్న నిజమైన భయముంటే ఆ చోటు విడిచిపోవడాన్ని చట్టం అర్థం చేసుకుంటుంది. అయితే విడిచి వెళ్లవలసింది ఇంటికి కాదు, నేరుగా పోలీసు స్టేషనుకు.

యెరికో దారిలో గాయపడినవానిని చూసి పక్కగా పోయినవారి సంగతి మనకు చిన్ననాటి నుండి తెలుసు. వారిలో కొందరి భయం మన రోజుల్లోనూ ఉంది. సాయం చేస్తే కేసులో ఇరుక్కుంటామని చాలామంది చూసీ చూడనట్లు పోతారు. 2019లో ఈ చట్టాన్ని సవరించినప్పుడు 134ఎ అనే సెక్షను చేర్చారు. మంచి మనసుతో గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చిన దారినపోయేవారిపై కేసు ఉండదు, వారు పేరు చెప్పాలన్న బలవంతమూ లేదు. ఆ సెక్షనుకు పెట్టిన పేరే మంచి సమరయుడు. మన ఊరి వారందరికీ ఈ ఒక్క మాట తెలిస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

కారు బంపరు మీద గీత, చిన్న సొట్ట పడ్డాయి. బాగుచేయడానికి మూడు వేలవుతుందని మెకానిక్ చెప్పాడు. ఇన్సూరెన్సు ఉంది గదా అని వెంటనే క్లెయిము చేయడం తెలివి కాదు. ఏ క్లెయిమూ లేకుండా గడిపిన ఏడాదికి మరుసటి ఏడాది సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం తగ్గింపు ఇస్తారు. అది ఏటేటా పెరిగి 50 శాతం వరకు వెళ్తుంది. చిన్న గీతకు క్లెయిము చేస్తే ఆ తగ్గింపు పోతుంది. పైగా ప్రతి క్లెయిములో కొంత సొమ్ము మనమే భరించాలి. పెద్ద నష్టమైతే మాత్రం కంపెనీ మనిషి వచ్చి చూసేవరకు బండి బాగుచేయించరాదు.

స్టేషను బయట టీ కొట్టు దగ్గర అరగంట కూర్చున్నాము. “మామయ్యా, ఇక నేను నడపను, మీరు నడపండి” అన్నాడు మేనల్లుడు. వణుకుతున్న చేతులతో నడపడం మంచిది కాదు కనుక కొల్చారం వరకు మేమే నడిపాము. అక్కడ తాళం చెవి మళ్లీ అతని చేతిలో పెట్టాము. భయం ఆ రోజే పోకపోతే ఏళ్లపాటు ఉండిపోతుంది. మిగిలిన దారి అంతా అతను ప్రతి ధాన్యపు రాశి దగ్గరా ఆగి, ఎదుటివారికి దారి ఇచ్చి, తరువాతనే కదిలాడు. మా అక్కయ్య మాట్లాడకుండా కొడుకు భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

మధ్యాహ్నానికి మెదక్ చేరాము. పొలాల మీదుగా దూరం నుండే 175 అడుగుల గోపురం కనబడుతుంది. చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో ఈ ఆలయ నిర్మాణం ఆరంభించి పదేళ్లు కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024లో నూరేళ్లు నిండాయి. కరువు రోజుల్లో జనానికి ఊరికే అన్నం పెట్టి పంపక, పని ఇచ్చి, కూలి ఇచ్చి వారి గౌరవం నిలబెట్టారని ఈ ప్రాంతపు పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆలయం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ప్రభువు జననం, సిలువ, ఆరోహణం చూపే రంగుటద్దాల కిటికీలు పగటి వెలుగులోనే చూడాలి. సూర్యుడు పోతే ఆ రంగులూ పోతాయి. కాబట్టి వెళ్లేవారు సాయంత్రం కాకముందే చేరేలా బయలుదేరండి. క్రిస్మస్ రోజుల్లో జనసమూహం ఎంతో ఎక్కువ. తీరికగా చూడాలంటే మామూలు రోజు మంచిది.

పిల్లల చేతికి తాళం చెవి ఇచ్చే తల్లిదండ్రులకు రెండు మాటలు. పద్దెనిమిది నిండి లైసెన్సు వచ్చేవరకు కారు ఇవ్వకండి. 2019 సవరణ ప్రకారం మైనరు నడిపి నేరం జరిగితే సంరక్షకునికీ, బండి యజమానికీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష ఉన్నాయి. లైసెన్సు వచ్చాక, మొదటి దూర ప్రయాణంలో పక్కన అనుభవమున్నవారు కూర్చోండి. ఇన్సూరెన్సు గడువు తేదీ చూడండి. ఒక కాగితం మీద 108, 112 నంబర్లు, ఇంటి నంబరు, ఇన్సూరెన్సు పాలసీ నంబరు రాసి, ఒక పెన్నుతోనూ, గాయానికి కట్టే గుడ్డతోనూ కలిపి కారు అరలో ఉంచండి.

అన్నిటికంటే ముఖ్యంగా, ఏమి జరిగినా ఇంటికి ఫోను చేసి నిజం చెప్పవచ్చునన్న ధైర్యం వారికి ముందే ఇవ్వండి. ఇంట్లో తిట్లకు భయపడే పిల్లవాడు రోడ్డు మీద ఆగడు. మెదక్ నుండి తిరిగి వచ్చిన మరునాడు మా మేనల్లుడు పాల పెద్దాయనకు ఫోను చేసి మోచెయ్యి ఎట్లా ఉందని అడిగాడు. కట్టు విప్పారట, పాలు పోయడానికి వెళ్తున్నారట. “ఈసారి ఇటు వస్తే ఇంటికి రా బిడ్డా” అన్నారట.