జవాబిచ్చినవాళ్లకు ఒక కబురు

డిసెంబరులో చికాగోలో దోసెల పిండి పులవదు. రాత్రి రుబ్బి పెట్టింది తెల్లారేసరికి పెట్టినట్టే ఉంటుంది. అక్కడున్న కూతురు గుంటూరులో ఉన్న అమ్మకు ఫోన్ చేసి చెబితే "మినపప్పు పాతదేమోనే" అంటుంది, "కాసిని మెంతులు వేశావా" అంటుంది. ఆవిడది నలభై ఏళ్లుగా పిండి రుబ్బిన చెయ్యి. కానీ బయట మంచు కురుస్తుండగా రుబ్బాల్సిన అవసరం ఆవిడకెప్పుడూ రాలేదు. పిండిలో పులుపు పుట్టించే సూక్ష్మజీవులకు ముప్పై డిగ్రీల దరిదాపు వెచ్చదనం ఉంటే హాయి. చలికాలంలో చికాగో వంటగది అంత వెచ్చగా ఉండదు. జవాబు గుంటూరులో లేదు, డెట్రాయిట్‌లో ఉంది, ముఖమైనా తెలియని ఒకావిడ దగ్గర. ఆన్‌లైన్‌లో అడిగితే ఆవిడ చెబుతుంది: "ఓవెన్ వెలిగించకండి. లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె పెట్టి తలుపు మూసెయ్యండి. గిన్నె కింద పళ్లెం పెట్టడం మరిచిపోకండి."

ఆ పళ్లెం సంగతి వంటల పుస్తకంలో వెతికితే దొరక్కపోవచ్చు. పొంగి కారిన పిండిని ఓవెన్ అడుగు నుంచి గీకి గీకి తీసిన మనిషికే అది గుర్తొస్తుంది. ఆ జవాబు కిందే ఇంకొకరు వచ్చి, కొత్త ఓవెన్లలో ఎల్ఈడీ లైటు ఉంటే అంత వేడి రాదు, అప్పుడు వేడినీళ్ల గిన్నె ఒకటి పక్కన పెట్టుకోండి అని సర్దుతారు. ఇలా ఇద్దరు ముగ్గురు కలిసేసరికి జవాబు నిండుగా తయారవుతుంది.

మన ఇంట్లోవాళ్లకు మన మీద ప్రేమ ఉంటుంది, మనకొచ్చిన చిక్కు మాత్రం వాళ్లకు వచ్చి ఉండకపోవచ్చు. అది వచ్చినవాళ్లు ఎక్కడో ఉంటారు. వాళ్లను వెతికి పట్టుకునే దారి మనుషులు ఎప్పటి నుంచో వెతుకుతున్నారు. 1691లో లండన్‌లో జాన్ డంటన్ అనే ప్రచురణకర్త 'ఎథీనియన్ మెర్క్యురీ' అని ఒక పత్రిక పెట్టాడు. పేరు చెప్పకుండా ఎవరైనా ప్రశ్న రాసి పంపవచ్చు. ప్రేమ, పెళ్లి, దయ్యాలు, ప్రకృతి వింతలు, ఏదైనా అడగవచ్చు. మన దగ్గర ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ గారు 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపారు. వంటా వార్పూ దగ్గర నుంచి కాపురంలో కలతల దాకా, ఇంట్లో నోరు విప్పలేని ఆడవాళ్లు ఆవిడకు ఉత్తరాలు రాశారు. ఎన్నడూ చూడని మనిషి కాబట్టే రాయగలిగారని నేననుకుంటాను. తెలిసినవాళ్లను అడిగితే ఆ ప్రశ్న మన వెంటే తిరుగుతుంది, పై పండక్కి మళ్లీ ఎవరో ఒకరు కదుపుతారు.

అయితే ఆ పత్రికల్లో జవాబు చెప్పేది ఏ కొద్దిమందో, అదీ ఉత్తరం అంది అచ్చయ్యాక. ఇప్పుడు చెప్పేవాళ్లు పదిమంది, అదీ గంటలో. ఆ పదిమందిలో పనికొచ్చే మాట ఎవరిదో ఎలా తెలుస్తుంది? నాకు కనిపించిన గుర్తు ఒకటుంది. బాగా తెలిసినవాళ్లు ముందు ఎదురు ప్రశ్న వేస్తారు.

మా మిద్దె మీద ముద్దమందారకు పిండినల్లి పట్టింది. మొగ్గల మొదట్లో, లేత ఆకుల మడతల్లో తెల్లగా పేరుకునేది. పైపు పెట్టి కడిగితే పోయేది, వారం తిరక్కుండా మళ్లీ వచ్చేది. మిద్దెతోటల బృందంలో ఫోటో పెట్టి అడిగాను. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్లు వేసి, సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టమన్నారు ఒకరు. పుల్లమజ్జిగ చల్లమన్నారు ఇంకొకరు. ఖమ్మం వైపు ఒక బడిపంతులు గారు మాత్రం ఏ మందూ చెప్పలేదు. "కాండం మీద చీమలు ఎక్కుతున్నాయా, చూడండి" అన్నారు, అంతే.

వెళ్లి చూస్తే బారులు తీరి ఎక్కుతున్నాయి. అప్పుడు చెప్పారాయన. పిండినల్లి మొక్క రసం పీల్చి తియ్యటి జిగురు విడుస్తుంది. దాని కోసం చీమలు వస్తాయి, వచ్చి ఊరికే ఉండవు. పిండినల్లిని తినే అక్షింతల పురుగులను దగ్గరికి రానివ్వవు. కాపలా తీసెయ్యకుండా ఎన్ని నూనెలు కొట్టినా మళ్లీ మొదటికే వస్తుంది. కుండీని ఇటుక మీదికి ఎక్కించి, ఆ ఇటుకను నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో పెట్టమన్నారు. కొమ్మ ఒక్కటి కూడా గోడకు తగలకూడదు, తగిలితే చీమలకు అదే వంతెన. పళ్లెంలో నీళ్లు రెండు రోజులకోసారి పారబోసి కొత్తవి పొయ్యాలి, లేకపోతే దోమలు. చీమలు ఆగాక వేపనూనె పని చేసింది. ఆ నెలలోనే పూలు విచ్చాయి. ఆ పంతులుగారిని నేను ఇంతవరకు చూడలేదు. ఆయన నాకు పెట్టిన సమయానికి నేను పైసా ఇవ్వలేదు, ఇవ్వబోయినా ఆయన తీసుకునేవారు కాదు.

అడిగేవాళ్లు ఆ సమయానికి విలువ ఇవ్వాలి. "మందార చచ్చిపోతోంది, ఏం చెయ్యాలి" అంటే ఎవరైనా ఏం చెబుతారు? కుండీలో ఉందా నేలలోనా, ఎండ ఎంతసేపు, నీళ్లు ఎప్పుడెప్పుడు, ఇదివరకు ఏమేం చేసి చూశారు, ఇవన్నీ రాయాలి. ఫోటో ఆకు వెనక వైపు తియ్యాలి, తెగులు చాలాసార్లు అక్కడే ఉంటుంది. పురుగైతే పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే దాని సైజు తెలుస్తుంది. ఇన్వర్టర్ మోగుతోందంటే సరిపోదు. ఆగి ఆగి మోగుతోందా, ఆపకుండా మోగుతోందా, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశారు అన్నది చెప్పాలి.

అడగకూడనివి కూడా ఉన్నాయి. పాము కరిస్తే దాని ఫోటో బృందంలో పెట్టి విషముందా లేదా అని ఎదురు చూడకూడదు. కట్లపామును పోలిన, విషం లేని పాములున్నాయి. మసక ఫోటోలో తెలిసినవాళ్లే పొరబడతారు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. గుండెనొప్పికీ అంతే. ఇక డబ్బు సంగతి. బ్యాంకు మీద ఫిర్యాదు నలుగురిలో పెడితే, బ్యాంకు మనిషినంటూ ఎవడో తీయగా పలకరిస్తాడు, నంబరిస్తాడు, లింకు పంపుతాడు. ఓటీపీ అడిగినవాడు సాయం చేసేవాడు కాదు. డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి.

నన్ను బాధపెట్టే సంగతి వేరే ఉంది. అడిగినవాళ్లు జవాబు తీసుకుని మాయమవుతారు. ఆ మందు పనిచేసిందా, లేదా? నీళ్ల పళ్లెం చీమల్ని ఆపిందా? ఎవరూ చెప్పరు. 2011లో కార్టూనిస్టు రాండల్ మన్రో తన ఎక్స్‌కేసీడీ వెబ్‌కామిక్‌లో ఒక బొమ్మ గీశాడు. ఒకడు తన చిక్కు గురించి వెతుకుతుంటే, సరిగ్గా అదే చిక్కుతో 2003లో ఎవరో అడిగిన ప్రశ్న ఒక్కటే దొరుకుతుంది. కింద జవాబు ఉండదు. ఆ తెలియని మనిషికి ఏమైందో తెలియక వీడు కంప్యూటర్ పట్టుకుని అరుస్తుంటాడు. తెలుగులో వెతికేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. మన జవాబుల్లో చాలా భాగం వాట్సాప్ బృందాల లోపల ఉండిపోతోంది. బయటివాళ్లు వెతికితే దొరకదు. ప్రతి ఎండాకాలం అదే ఆవకాయ బూజు ప్రశ్న మళ్లీ మొదటి నుంచి వస్తుంది, ఊట మీదికి నూనె తేలాలనీ తడి గరిటె పెట్టకూడదనీ మళ్లీ ఎవరో ఓపిగ్గా మొదటి నుంచి చెబుతారు. బయట రాసిన కొద్ది కూడా ఇంగ్లీషు అక్షరాల్లో తలా ఒక స్పెల్లింగుతో ఉంటుంది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అందులో సందేహాలు అడిగే రచ్చబండ ఉంది. అక్కడి పాత చర్చలను భద్రంగా దాచి ఉంచారు, ఎప్పటి మాటనైనా ఇవాళ చదువుకోవచ్చు. అలాంటి చోట్లు మనకు ఇంకా కావాలి.

అందుకే అడుగుతున్నాను. అందరికీ కనబడే చోట, తెలుగు లిపిలో అడగండి. జవాబు అందుకున్నాక, అది పనిచేసినా చెయ్యకపోయినా, ఏం జరిగిందో రెండు ముక్కలు రాయండి. జవాబు చెప్పినవాళ్లకు మనం ఇవ్వగలిగింది అదొక్కటే. మన తర్వాత అదే తంటా పడేవాళ్లకు అన్నిటికన్నా ముందు కావాల్సిందీ అదే. మీరు ఇదివరకు ఎక్కడైనా అడిగి, సాయం పొంది, అలాగే వదిలేసిన ప్రశ్న ఉంటే ఇవాళే వెళ్లి దాని కింద ఆ కబురు రాసి రండి.