చదువు రాని నాయనమ్మ బైబిల్

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ 23వ కీర్తన మొదలుపెడితే ఎక్కడా తడబడదు. తప్పిపోయిన కుమారుడి కథ చెబుతుంటే ఆ తండ్రి మా వీధి చివరే కాపురం ఉంటాడేమో అనిపిస్తుంది. ప్రకాశం జిల్లాలో మాది బాప్టిస్టు కుటుంబం. వాక్యంలో ఉంటేనే నమ్ము, లేకపోతే వదిలెయ్ అనేది మా సంఘం పద్ధతి. ఆ వాక్యాన్ని ఆవిడ ఒక్కసారి కూడా చదవలేదు. అంతా విన్నదే!

కిందటి క్రిస్మస్‌కు ఆవిడ పిల్లలకు ముగ్గురు జ్ఞానుల కథ చెబుతోంది. బీటెక్ చదివే మా తమ్ముడు ఫోన్‌లో బైబిల్ యాప్ తెరిచాడు. "నాయనమ్మా, మత్తయి సువార్తలో ముగ్గురు అని లేనేలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం... కానుకలే మూడు" అన్నాడు. వాడు చెప్పింది కరెక్టే. అయితే ఆవిడ ముఖం చిన్నబోయింది. "నాకు చదువు రాదు కదయ్యా, ఇక మీరే చెప్పుకోండి" అని లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు పిల్లలు ఎంత బతిమాలినా కథ చెప్పలేదు.

అప్పుడు నాకో సందేహం వచ్చింది. పుస్తకంలో ఉన్నదే అసలు, నోటితో చెప్పింది నకలేనా?

సంగతేంటంటే, యేసు స్వయంగా రాసిన పుస్తకం ఏదీ లేదు. ఆయన్ని సిలువ వేసింది సుమారు క్రీ.శ. 30లో. నాలుగు సువార్తల్లో మొదటిదని ఎక్కువమంది పండితులు చెప్పే మార్కు సువార్త వచ్చింది సుమారు 70లో. మధ్యలో దాదాపు 40 ఏళ్లు ఆయన మాటలు ఎక్కువగా నోటి మీదే బతికాయి. పౌలు పత్రికలు ఈలోపే వచ్చినా, వాటిని కూడా సంఘంలో పైకి చదివేవారు, మిగతావాళ్లు వినేవారు. కొలొస్సయులకు రాసిన పత్రికలో అయితే, మీరు చదివాక లవొదికయ సంఘంలోనూ చదివించండి అని స్పష్టంగానే ఉంది.

నోటి మాటా, రాతా రెండూ ప్రమాణమేనా అన్న గొడవ తర్వాత పెద్దదైంది. పుస్తకమే అంతిమ ప్రమాణం అని లూథర్ లాంటి సంస్కర్తలు అన్నారు. గ్రంథంతో పాటు అపొస్తలుల నుంచి వచ్చిన సంప్రదాయాన్నీ గౌరవించాలని కాథలిక్ సంఘం 1546లో ట్రెంట్ సభలో తేల్చింది. మేం మొదటి పక్షం. కానీ మా దాకా ఈ విశ్వాసం వచ్చిన దారి చూడండి. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారి. ఊరూరా తిరిగి తనవాళ్లకు నోటితోనే చెప్పాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో చదవగలిగినవాళ్లు బహు తక్కువ.

మా ఆఫీసులో ఎవరైనా ప్రాజెక్ట్ వదిలి వెళ్తుంటే డాక్యుమెంట్ ఇస్తారు, కేటీ కాల్స్ కూడా పెడతారు. ఏం చేశారో డాక్యుమెంట్‌లో ఉంటుంది. ఎందుకు చేశారో కాల్‌లో బయటపడుతుంది. అలాగని కాల్‌లో విన్నదాన్నే నమ్ముకుంటే, నలుగురు మారేసరికి ఇద్దరు ముగ్గురవుతారు. అప్పుడు డాక్యుమెంటే దిక్కు. జ్ఞానుల విషయంలో జరిగిందీ అదే.

దీనికి రివర్స్ కేసు కూడా బైబిల్లోనే దొరికింది. తీసుకోవడం కన్నా ఇవ్వడమే ధన్యమని యేసు అన్నట్టు పౌలు ఎఫెసు పెద్దలకు గుర్తుచేస్తాడు. అపొస్తలుల కార్యములు 20లో ఉంది. ఆ మాట నాలుగు సువార్తల్లో ఎక్కడా లేదు! నోటి మాటగా బతికి ఉండబట్టే పుస్తకంలోకి ఎక్కింది.

ఇది నాయనమ్మకు చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే పౌలూ విన్నోడేగా" అని నవ్వింది. ఆ రాత్రి పిల్లలకు మళ్లీ కథ మొదలైంది. ఈసారి జ్ఞానులు ఎంతమందని ఆవిడే మా తమ్ముణ్ని అడిగింది. వాడు యాప్ చూసి చెప్పాడు.

ఇప్పుడు యాప్‌లో ఆడియో బైబిల్ కూడా ఉంది. గొంతు బాగుంటుంది, ఒక్క మాట తప్పు పోదు. కానీ పారిపోయిన కొడుకు కోసం ఆ తండ్రి ఎందుకలా పరిగెత్తాడని మధ్యలో ఆపి అడిగితే అది జవాబు చెప్పదు. మీ ఇంట్లో జవాబు చెప్పేవాళ్లుంటే ఒకసారి అడగండి. తేడా వస్తే పుస్తకం ఎలాగూ చేతిలోనే ఉంది.