ఉప్పల్ టెస్టు: గ్యాలరీలో నాలుగు రోజులు

హైదరాబాద్ మెట్రో బ్లూ లైన్‌లో నాగోల్ వైపు వెళ్తుంటే హబ్సిగూడ, ఎన్జీఆర్ఐ దాటాక వచ్చే స్టేషన్ పేరే ‘స్టేడియం’. ఐపీఎల్ రోజుల్లో అక్కడ మనం దిగం, జనమే మనల్ని దింపేస్తారు. 2024 జనవరి 25న, గురువారం పొద్దున మాత్రం హాయిగా నడుచుకుంటూ దిగాం. ఇండియా, ఇంగ్లండ్ ఐదు టెస్టుల సిరీస్‌లో మొదటి మ్యాచ్ ఆ రోజే మొదలు. ఆఫీసులున్న రోజు, పైగా తొమ్మిదిన్నరకే ఆట.

రోడ్డు మీద ముఖాలకి మూడు రంగులు పూసేవాళ్లు, జెండాలు, టోపీలు, జెర్సీలు అమ్మేవాళ్లు. జెర్సీల కుప్పలో సగానికి సగం 18 నంబరే. విరాట్ కోహ్లీ మూడు రోజుల కిందటే మొదటి రెండు టెస్టుల నుంచి తప్పుకున్నాడు. ఆ మాటే అంటే అమ్మే కుర్రాడు నవ్వాడు. “ఆయన ఆడకపోతే ఏందన్నా, అంగీ అమ్ముడు పోకుండ ఉంటదా?” నిజమే, మా కళ్ల ముందే రెండు అమ్ముడుపోయాయి.

నాతో వచ్చింది మా బాబాయి. 1988 డిసెంబర్‌లో లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్‌తో జరిగిన టెస్టు చూసినవాడు. అజారుద్దీన్, అర్షద్ ఆయూబ్ ఇద్దరూ హైదరాబాదీలే, ఇద్దరూ సొంతూళ్లో ఆడిన మ్యాచ్ అది. ఆ తర్వాత ఈ నగరం ఇంకో టెస్టు చూడ్డానికి 2010 దాకా ఆగాల్సొచ్చింది, అదీ ఉప్పల్‌లో. ఎల్బీ స్టేడియాన్ని బాబాయి ఇప్పటికీ ఫతే మైదాన్ అనే అంటాడు. లోపలికి వెళ్లి సీటు దులుపుకుని కూర్చున్నాక ఆయన చెప్పిన మొదటి మాట: “టెస్టు మ్యాచ్ చూసుడు కాదురా, కూసునుడు.”

కూర్చున్నాం. నాలుగు రోజులు.

మా కింది వరసల్లో బడి పిల్లలు. ఈ మ్యాచ్‌కి స్కూలు పిల్లల్ని ఉచితంగా రానిచ్చారు. యూనిఫాంలో, ఐడీ కార్డులు మెడలో వేసుకుని, బారులు బారులుగా వచ్చారు. వాళ్ల లెక్క చాలా సింపుల్. బంతి బౌండరీకి వెళ్తే అరవాలి. కొట్టింది మనవాడా, వాళ్లవాడా అన్నది వాళ్ల సిలబస్‌లో లేదు. బెన్ స్టోక్స్ 70 కొట్టాడు, ప్రతి ఫోర్‌కీ ఉప్పల్‌లో వీళ్లదే పెద్ద గొంతు. మధ్యమధ్యలో “కోహ్లీ... కోహ్లీ...” అని కూడా. టీచర్ ఒకాయన “ఆయన రాలేదురా నాయనా” అని చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి తనే చప్పట్లతో తాళం వేయడం మొదలుపెట్టాడు.

ఇంగ్లండ్ 246కి ఆలౌట్. సాయంత్రం టామ్ హార్ట్‌లీ అనే పొడుగాటి ఎడమచేతి స్పిన్నర్ బౌలింగ్‌కి వచ్చాడు. టెస్టుల్లో అతనికి మొట్టమొదటి బంతి. యశస్వి జైస్వాల్ దాన్ని సిక్స్ కొట్టాడు. స్టాండ్ మొత్తం లేచింది. మా వెనకాల ఎవరో “భాయ్‌కి ఇంకో రెండు ఓవర్లు ఇయ్యుండ్రి” అని అరిస్తే అందరం నవ్వాం. ఈ హార్ట్‌లీ పేరు గుర్తుపెట్టుకోండి, పని ఉంది.

రెండో రోజు రిపబ్లిక్ డే. సెలవు కాబట్టి జనం బాగా వచ్చారు, చెంపల మీద జెండాలతో. ఆటలో మాత్రం ఒక వింత. జైస్వాల్ 80 దగ్గర ఔట్, కేఎల్ రాహుల్ 86 దగ్గర ఔట్, మర్నాడు పొద్దున జడేజా 87 దగ్గర ఔట్. ముగ్గురి సెంచరీలకీ మేం లేవడానికి రెడీ అయ్యాం, మూడుసార్లూ మళ్లీ కూర్చున్నాం. వైజాగ్ కుర్రాడు కేఎస్ భరత్ 41 చేశాడు. అతను క్రీజులో ఉన్నంతసేపూ మా స్టాండ్ తెలుగులోకి మారిపోయింది. “భరతన్నా, తొందరేం లేదు, నిదానంగా ఆడు” అని బ్యాటింగ్ కోచ్‌లు వరసకి ఇద్దరు. మొత్తం 436, ఆధిక్యం 190.

ఇక్కడ మీకు ఉప్పల్ చరిత్ర కొంచెం తెలియాలి. అంతకుముందు ఇక్కడ ఐదు టెస్టులు జరిగాయి. 2010లో న్యూజిలాండ్‌తో డ్రా. తర్వాత న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, బంగ్లాదేశ్, వెస్టిండీస్ వరసగా ఓడి వెళ్లాయి. పుజారా డబుల్ సెంచరీ, కోహ్లీ డబుల్ సెంచరీ ఈ గడ్డ మీదివే. అంటే ఉప్పల్ ప్రేక్షకుడికి టెస్టులో ఇండియా ఓడటం అనేది సిలబస్‌లోనే లేని చాప్టర్. ఈ గ్రౌండ్‌కి ఉన్న ఒకే ఒక్క టెస్టు బాధ వేరే రకం. 2012 ఆగస్టులో న్యూజిలాండ్‌తో ఇక్కడి టెస్టుకి లక్ష్మణ్ జట్టులో ఉన్నాడు. సొంతూళ్లో వీడ్కోలు అనుకున్నారు అంతా. మ్యాచ్‌కి ముందే రిటైర్మెంట్ చెప్పేసి, ఆ ఆఖరి మ్యాచ్ కూడా ఆడకుండా వెళ్లిపోయాడు. బాబాయి దాన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఎవర్ని అని అడిగితే చెప్పడు.

అందుకే మూడో రోజు, శనివారం మధ్యాహ్నం ఇంగ్లండ్ 163కి 5 అయ్యి, ఇంకా 27 పరుగులు వెనకబడే ఉన్నప్పుడు, మా వరసలో చర్చంతా ఆదివారం టికెట్ ఏం చేయాలా అన్నదే. పక్క సీటులో ఘట్‌కేసర్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు, వాడి అవతల ఒక మెడికల్ రెప్. “రేపు పొద్దున బిర్యానీకి పోదాం, టికెట్ పైసలు పోతే పోనియ్” అని రెప్ తీర్మానం కూడా చేసేశాడు.

క్రీజులో ఓలీ పోప్ ఉన్నాడు. అతను ఎలా ఆడాడో చెప్పాలంటే చేతులు తిప్పి చూపించాలి. స్వీప్, రివర్స్ స్వీప్, మళ్లీ స్వీప్. అశ్విన్, జడేజా, అక్షర్... ప్రపంచం భయపడే ముగ్గురు స్పిన్నర్లు. పోప్ వాళ్ల బంతుల్ని చీపురుతో వాకిలి ఊడ్చినట్టు ఊడ్చేశాడు. 110 దగ్గర ఒక క్యాచ్ ఇచ్చాడు, అక్షర్ పటేల్ చేతుల్లోంచి జారిపోయింది. ఆ క్షణం స్టేడియంలో వచ్చిన శబ్దం టీవీలో వినపడదు. వేల మంది ఒకేసారి ‘అయ్యో’ అని గాలి వదిలితే సీట్ల కిందనుంచి వచ్చినట్టుంటుంది.

ఆ తర్వాతే గ్యాలరీలో ఏదో మారింది. మొదట తిట్లు. తర్వాత సైలెన్స్. తర్వాత, ఒక రివర్స్ స్వీప్ ఫోర్‌కి పోగానే, మెడికల్ రెప్ తనకు తెలియకుండానే “అబ్బా!” అన్నాడు. అందరం అతని వైపు చూశాం. “ఏం జేయాలె భాయ్, మంచిగ కొట్టిండు” అన్నాడు సిగ్గుపడుతూ. ఆట ముగిసేసరికి పోప్ 148 నాటౌట్. అతను లోపలికి వెళ్తుంటే మా స్టాండ్‌లో లేచి చప్పట్లు కొట్టినవాళ్లలో బాబాయి మొదటివాడు, రెప్ రెండోవాడు. బిర్యానీ ప్లాన్ క్యాన్సిల్. రేపు ఎన్నింటికి కలుద్దాం అని ఒక వాట్సాప్ గ్రూప్ పుట్టింది, దానికి మా వరస నంబరే పేరు.

ఇదే హైదరాబాద్‌లో 1969లో న్యూజిలాండ్ మీద ఇండియా 89కే ఆలౌటైన టెస్టులో గ్యాలరీలో గొడవలు లేచాయి. ఆ కథ బాబాయికి వాళ్ల నాన్న చెప్పింది. “అప్పట్ల కోపం ఆడనే తీర్చుకునేటోళ్లు. ఇప్పుడు మీరు ఫోన్‌ల తీర్చుకుంటరు” అన్నాడు. మేం నలుగురం ఎవరి ఫోన్ వాళ్లు జేబులో పెట్టుకున్నాం, కాసేపు.

ఆదివారం. పొద్దున్నే ఇంగ్లండ్ అభిమానులు వాళ్ల మూలలో పాట మొదలుపెట్టారు. బార్మీ ఆర్మీ. ఎర్ర సిలువ జెండాలు రెయిలింగ్‌కి కట్టుకుని, ఎండకి ఎర్రబడిన మెడలతో పాడుతూనే ఉంటారు. గెలిచినా అదే, ఓడినా అదే. పోప్ 196 దగ్గర బుమ్రాని రివర్స్‌లో ఆడబోయి బౌల్డయ్యాడు. డబుల్ సెంచరీకి నాలుగు పరుగులు తక్కువ. ఇంగ్లండ్ 420. మనకు లక్ష్యం 231.

లంచ్ తర్వాత ఒక విచిత్రం జరిగింది. ఘట్‌కేసర్ కుర్రాడి ఫోన్‌లో బ్రిస్బేన్. అక్కడ ఆస్ట్రేలియా, వెస్టిండీస్ టెస్టుకి కూడా అది నాలుగో రోజే. షమార్ జోసెఫ్ అనే గయానా కుర్రాడు, ముందు రోజు స్టార్క్ యార్కర్‌కి కాలివేలు చితికినవాడు, ఆస్ట్రేలియాని ఒక్కడే కూలుస్తున్నాడు. కళ్ల ముందు మన మ్యాచ్, చేతిలో వాళ్ల మ్యాచ్. సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ముందు ముగ్గురం వంగాం, తర్వాత వెనక వరసవాళ్లు మా భుజాల మీదుగా. వెస్టిండీస్ ఎనిమిది పరుగులతో గెలిచింది. ఆస్ట్రేలియాలో వాళ్లకి 27 ఏళ్ల తర్వాత టెస్టు గెలుపు, జోసెఫ్‌కి ఏడు వికెట్లు. ఉప్పల్‌లో ఒక పదిహేను మంది ఎగిరి గంతేశాం. గ్రౌండ్‌లో అప్పుడు ఏమీ జరగట్లేదు. సెక్యూరిటీ ఆవిడ మమ్మల్ని అనుమానంగా చూసింది.

సంబరం ఎక్కువసేపు నిలవలేదు. హార్ట్‌లీ. మొదటి బంతికే సిక్స్ తిన్న ఆ పొడుగాటి కుర్రాడు ఒకే ఓవర్లో జైస్వాల్‌ని, గిల్‌ని పంపేశాడు. తర్వాత రోహిత్. తర్వాత అక్షర్. స్టోక్స్ బంతిని అందుకుని వెనక్కి పడిపోతూనే విసిరి జడేజాని రనౌట్ చేశాడు. 119కి 7. గురువారం “ఇంకో రెండు ఓవర్లు ఇయ్యుండ్రి” అన్న గొంతు ఆదివారం వినపడలేదు.

చాలామంది లేచి వెళ్లిపోతారనుకున్నా. కొందరు వెళ్లారు కూడా. కానీ భరత్, అశ్విన్ నిలబడ్డారు. ఒక్కో పరుగు, ఒక్కో పరుగు. మెట్ల దాకా వెళ్లినవాళ్లు అక్కడే ఆగి, తలుపుల దగ్గర నిలబడి చూడటం మొదలుపెట్టారు. ఎవరూ సీటుకి వెనక్కి రాలేదు. వస్తే వికెట్ పడుతుందని నమ్మకం! రెప్ అయితే కాలు మీద కాలు వేసుకున్నవాడు గంటసేపు దించలేదు. ఇద్దరూ 57 కలిపారు. తర్వాత హార్ట్‌లీ భరత్‌ని బౌల్డ్ చేశాడు, ఆ వెంటనే అశ్విన్ స్టంపౌట్. 177కి 9.

అప్పుడు సిరాజ్ బ్యాట్ పట్టుకుని వచ్చాడు. మన పిల్లాడు, ఈ ఊరి ఆటోడ్రైవర్ కొడుకు. ఆ మ్యాచ్‌లో అతనికి ఒక్క వికెట్ కూడా దక్కలేదు. పిచ్ అతనిది కాదు, బౌలింగూ తక్కువే వచ్చింది. నాలుగు రోజులుగా బౌండరీ దగ్గరికి వచ్చినప్పుడల్లా “మియా, మియా” అని పిలిచి పిలిచి అలసిపోయిన జనం, ఇప్పుడు పదకొండో నంబర్ బ్యాట్స్‌మన్‌కి ఓపెనర్‌కి కూడా దక్కని స్వాగతం ఇచ్చారు. ఇంకా 54 కావాలి. లెక్క తెలిసినవాళ్లెవరూ నమ్మరు. మేం నమ్మాం.

ఆట టైం అయిపోయింది, అంపైర్లు అరగంట పొడిగించారు. బుమ్రా అడ్డుకుంటున్నాడు, సిరాజ్ కొడుతున్నాడు. పది తగ్గాయి. ఇరవై తగ్గాయి. ప్రతి పరుగుకీ అరుపు పెరుగుతోంది. బాబాయి స్కోర్‌బోర్డ్ చూడటం మానేసి నా మోకాలు పట్టుకుని కూర్చున్నాడు. 202 దగ్గర సిరాజ్ ముందుకొచ్చి హార్ట్‌లీని ఎత్తి కొట్టబోయాడు. బంతి తిరిగింది. ఫోక్స్ బెయిల్స్ ఎగరగొట్టాడు. స్టంపౌట్. 28 పరుగుల తేడా, హార్ట్‌లీకి ఏడో వికెట్.

ఒక్కసారిగా సైలెన్స్. అవతల మూలలో బార్మీ ఆర్మీ గొంతు స్పష్టంగా వినపడింది. మా దగ్గర ఎవరూ బాటిల్ విసరలేదు, ఎవరినీ తిట్టలేదు. కాసేపటికి కింది వరసల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. సిరాజ్ తల దించుకుని మెట్ల వైపు నడుస్తుంటే అవి ఎవరికోసమో అర్థమైంది. బయట గేటు దగ్గర ఒక తెల్లాయన మా కుర్రాడి 18 నంబర్ జెర్సీ అడిగి తన టోపీ ఇచ్చాడు. కుర్రాడు మొదట ఒప్పుకోలేదు. తర్వాత టోపీ చూసి ఒప్పుకున్నాడు.

మళ్లీ ఉప్పల్‌కి టెస్టు వస్తే వెళ్లండి. టికెట్ పడమటి వైపు తీసుకోండి, మధ్యాహ్నం తర్వాత అటు నీడ పడుతుంది. శనివారం చూసి మ్యాచ్ అయిపోయిందనుకుని ఆదివారం టికెట్ ఎవరికీ ఇచ్చేయకండి.

వారం తిరక్కుండానే రెండో టెస్టు వైజాగ్‌లో. సిరాజ్‌కి విశ్రాంతి ఇచ్చారు. ఫిబ్రవరి 3న బుమ్రా వేసిన యార్కర్‌కి ఇదే పోప్ వికెట్లు రెండు ఎగిరి పడ్డాయి. ఆ వీడియో మీ అందరి ఫోన్లలోకీ వచ్చే ఉంటుంది. మా వరస గ్రూప్‌లోకి మొదట పెట్టింది మెడికల్ రెప్. దాని కింద బాబాయి మెసేజ్: “ఇది పోయిన ఆదివారం ఏస్తే ఏం పోయేది?”