మేడమీది తెల్ల డబ్బా

మా కళాశాల మేడమీద ఒక తెల్లని డబ్బా, ఈద్గా మైదానానికి ఆవలనున్న వసతిగృహపు మేడమీద దానికి జోడీగా మరొక డబ్బా, ఏడాదిన్నరపాటు ఒకదానినొకటి చూచుకుంటూ నిలిచి ఉన్నాయి. వాటి మధ్య తీగ లేదు. కళాశాలకు వచ్చే ఇంటర్నెట్టు గాలిలోనే మైదానం దాటి వసతిగృహంలోని పిల్లలకు అందేది. 2022 జులైలో ఒక వానరాత్రి వసతిగృహపు డబ్బా మూగబోయింది. ఉపకారవేతనపు దరఖాస్తులకు గడువు అప్పటికి మూడు రోజులే ఉన్నది.

ఆ సాయంకాలం దానిని ముట్టుకున్నవాడు ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు. ఆ డబ్బాలను కట్టినవాడూ అతడే. సంకేతం తగ్గుతున్నదని ఎడాప్టరు మార్చి చూచానని తానే చెప్పాడు. నిఘా కెమెరాల 48 వోల్టుల ఎడాప్టరును పొరపాటున తగిలించి ఉంటాడని భౌతికశాస్త్ర శాఖవారమైన మేము తీర్మానించాము. స్టాక్ రిజిస్టరులో ఆ మాటే వ్రాసి సంతకం చేశాము. డబ్బా ఖరీదులో సగం అతని కాషన్ డిపాజిట్టునుండి మినహాయించారు. పిల్లవాడు వాదించలేదు. డబ్బా మా ప్రయోగశాల బీరువాలో చేరింది. వసతిగృహానికి వేరే మార్గాన కనెక్షను వచ్చింది. మిగిలిన జోడీ డబ్బాను మేము గ్రంథాలయపు ఆవరణవైపు త్రిప్పి వాడుకున్నాము.

2023 ఆగస్టులో బీరువా సర్దుతుండగా అది మరల కంటబడింది. విద్యార్థులకు లోపలి భాగాలు చూపుదామన్న ఉద్దేశంతో తెరిచాము. చూపు సరిగా ఆనదని బజారులోని రేడియో మరమ్మతు పెద్దాయనను పిలిపించాము. ఊరంతా ఆయనను చాచా అనే అంటారు. తన భూతద్దం, సన్నని కొరివి, దర్జీవారి టేపుతో సహా వచ్చాడు.

అది అమెరికాకు చెందిన యుబిక్విటీ సంస్థ 2009లో విడుదల చేసిన నానోస్టేషన్ ఎం2 అనే పరికరం. పొడవు సుమారు 29 సెంటీమీటర్లు, వెడల్పు 8, మందం 3. బరువు అరకిలో కూడా ఉండదు. ఇంత తేలిక వస్తువు రెండు మేడలను ఎట్లు కలిపిందన్నదే పిల్లల మొదటి ప్రశ్న. చాచా నవ్వి, లోపలి లోహపు రేకులకు టేపు ఆనించాడు. "లెక్చరర్ సాబ్, మీరే లెక్క కట్టండి" అన్నాడు. కట్టాము. 2400 మెగాహెర్ట్జ్ తరంగపు పొడవు 12.5 సెంటీమీటర్లు, అందులో సగం ఆరున్నరకు కొంచెం తక్కువ. రేకు అంచు దాదాపు ఆ కొలతకే వచ్చింది. మనం చిన్ననాట చూచిన మేడమీది టీవీ యాంటెన్నాల గొట్టాలను కోసినదీ ఈ లెక్కతోనే. అక్కడ తరంగం మీటర్లలో ఉండేది గనుక గొట్టాలు బారెడు; ఇక్కడ అరచేతిలో ఇమిడే రేకు చాలింది.

ఆ రేకుల వెనుక ఒక లోహపు తలం ఉన్నది. లాంతరు వెనుక అద్దం పెట్టినట్లే: వెనుకకు పోవలసిన వెలుతురు కూడా ముందుకే వస్తుంది. ఈ యాంటెన్నా లాభం సుమారు 11 డెసిబెల్సు. అంటే అన్ని దిక్కులకూ సమంగా చల్లే యాంటెన్నాతో పోల్చితే ఎదుటి దిక్కుకు పన్నెండు రెట్లకు పైగా బలం. అందులోనూ నిలువు కంపనానికి ఒక దారి, అడ్డు కంపనానికి మరొక దారి. రెంటిమీద రెండు వేర్వేరు సమాచార ప్రవాహాలు ఒకేసారి సాగుతాయి. మన దేశంలో 2005 నుండి ఈ పౌనఃపున్యాన్ని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చును గాని, యాంటెన్నా లాభంతో కలిపి 4 వాట్లు దాటరాదు. ఆ హద్దును పాటించుటకు డబ్బాలో భారతదేశమని ఎంచుకుంటే ప్రసారశక్తిని అదే తగ్గించుకుంటుంది.

రేకులకు ఆవలివైపున ఆకుపచ్చని పలక. దానిమీద ఎథెరోస్ వారి 400 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 మెగాబైట్ల తాత్కాలిక స్మృతి, 8 మెగాబైట్ల శాశ్వత స్మృతి. జేబులోని సెల్‌ఫోనులో ఒక్క ఛాయాచిత్రానికి చాలని చోటులో లినక్స్ ఆధారంగా వ్రాసిన మొత్తం వ్యవస్థ ఒదిగి ఉన్నది. రేడియో భాగానికి వేరొక చిప్పు. ఫ్యాను లేదు, కదిలే భాగమే లేదు. మొత్తం వాడకం ఎంత ఎక్కువైనా 8 వాట్లు, చిన్న ఎల్ఈడీ దీపమంత. ఒక విషయం మాత్రం మాకు నవ్వు తెప్పించింది. రేడియో సెకనుకు 300 మెగాబిట్ల వరకు చెప్పుకుంటుంది, తీగ తగిలించే సాకెట్టు 100 దాటదు. వెడల్పాటి కాలువ త్రవ్వి చివర ఇరుకు తూము పెట్టినట్లు! చౌకగా అమ్మదలచినవాడు ఎక్కడో ఒకచోట చేయి బిగించవలసినదే. మా రెండు మేడల అవసరానికి ఆ తూమే ఎక్కువ.

ఇక డబ్బా ఎందుకు మూగబోయిందో చూపమని చాచాను అడిగాము. 48 వోల్టుల గుర్తు ఎక్కడైనా కనబడుతుందని మా నమ్మకం. ఆయన విద్యుత్తు ప్రవేశించే చోటును భూతద్దంతో చాలసేపు చూచి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"కాలిన వాసన లేదు. కెపాసిటరు ఉబ్బలేదు. ఇది ఎక్కువ కరెంటుతో పోలేదు సాబ్. ఇటు చూడండి."

సాకెట్టులోని ఎనిమిది పిన్నులలో ఆరింటిమీద బంగారుపూత ఇంచుమించు చెక్కుచెదరలేదు. నాలుగు, ఐదు మాత్రం సగానికి సగం తినివేయబడి, చుట్టూ పచ్చని పొడి పేరుకుని ఉన్నది. ఈ డబ్బాకు విద్యుత్తు వేరే తీగతో రాదు; సమాచారపు కేబులులోని మిగులు జంటలమీదనే వస్తుంది. నాలుగు, ఐదు ధనధ్రువం. ఏడు, ఎనిమిది ఋణధ్రువం. తడి తగిలితే ధనధ్రువపు రాగి కరిగిపోవునని, ఋణధ్రువం నిలుచునని ప్రతి సంవత్సరం విద్యుద్విశ్లేషణ పాఠంలో చెప్పేది మేమే. ఎడాప్టరు నేరం కాదిది. నీరు చేసిన పని. అదీ ఒక్క రాత్రిలో కాదు, నెలల తరబడి.

అయినా మాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. సాకెట్టు మూత క్రిందికే తెరుచుకుంటుంది. కేబులు క్రిందికి దిగి, వంపు తిరిగి మరల పైకి ఎక్కేటట్లు ఆ విద్యార్థి కట్టాడు. కేబులు పైన జారిన వాన వంపు దగ్గరే నేలపాలు కావాలి. అట్లయితే నీరు ఎట్లు వచ్చింది? పాత కేబులు ఇంకా వసతిగృహపు మేడమీదనే వ్రేలాడుతున్నది. అందరం అక్కడికి నడిచాము. మెట్లగది కప్పు అంచున కేబులు మడతపడినచోట బూడిదరంగు తొడుగు ఎండకు పెళుసై, వ్రేలి గోరంత మేర చీలి ఉన్నది. చాచా ఏమీ అనకుండా వంపు అడుగున తొడుగును చాకుతో కోశాడు. నాలుగైదు చెంచాల నీరు ధారగా కారింది.

వాన తొడుగు పైన గాక లోపల ప్రయాణించింది. చీలిక డబ్బాకంటె మూడు మూరల ఎత్తున ఉన్నది గనుక, వంపు దాటి మరల పైకెక్కి సాకెట్టును చేరింది. నీరు తన మట్టాన్ని తాను వెదకుకొనును. ఇదీ మా పాఠమే.

ఆ బూడిదరంగు కేబులు గదులలోపల వాడేది. ఎండకు ఓర్చే నల్లని కేబులు కావాలని 2021లో ఆ పిల్లవాడు కాగితంమీద వ్రాసి ఇచ్చిన సంగతి మాలో ఒకరికి అప్పుడు గుర్తుకు వచ్చింది. కొన్ని వందల రూపాయలు మిగులుతాయని దానిని కొట్టివేసి, చౌకది కొనుటకు సంతకం చేసింది కొనుగోళ్ల సంఘంలోని మేమే.

రిజిస్టరులోని వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టివేసి కారణం వ్రాశాము. మినహాయించిన మొత్తం తిరిగి ఇవ్వవలసినదిగా కార్యాలయానికి నోటు పంపాము. అతడు అప్పటికే చదువు ముగించుకుని ఊరు వెళ్లిపోయాడు. ఫోను చేసి సంగతంతా చెప్పి, తప్పు మాదేనన్నాము. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత డబ్బు ఊసు ఎత్తకుండానే అడిగాడు:

"సార్, కాలేజీ మేడమీది డబ్బాకు కూడా అదే కట్టలోని కేబులు కదా వేశాము. అది చూచారా?"

మేము చూడలేదు. ఫోను పెట్టివేసి, చాచాను వెంటబెట్టుకుని మేడమెట్లు ఎక్కాము.