నిటారుగా నిలబడవే!

"నిటారుగా నిలబడవే!" అని మా అమ్మాయిని రోజుకి పదిసార్లు అనేదాన్ని. పోయిన వేసవిలో ఇండియా నుంచి న్యూజెర్సీకి వచ్చిన మా అత్తగారు, దానికి ఓణీ వేస్తూ "ఈ భుజం కిందికుందేమిటే?" అన్నారు. దానికి 12 ఏళ్లు.

ఫిజికల్ థెరపిస్టుకి చూపించాం. కుడి భుజం ఎత్తుగా ఉందన్నారు. మావారు ఇంకొకరికి చూపిద్దామన్నారు. ఆవిడేమో భుజాలు సమంగానే ఉన్నాయి, నడుమే ఒక పక్కకి ఒరిగిందన్నారు. ఎవరిని నమ్మాలి?

ఆవిడే విడమరిచి చెప్పారు. కంటితో చూసి చెప్పేది మనిషి మనిషికీ మారుతుంది. పిల్లలు నిలబడే తీరూ పూటకోలా ఉంటుంది. అందుకే పిల్లని ముందుకి వంగమని, వీపు మీద స్కోలియోమీటర్ పెట్టి చూస్తారు. మా అమ్మాయికి 7 డిగ్రీలు చూపించింది. ఎక్స్‌రేకి పంపారు.

ఎక్స్‌రేలో వంపు 10 డిగ్రీలు, ఆపైన ఉంటేనే స్కోలియోసిస్ అంటారు. మా అమ్మాయికి 18 వచ్చింది. ఆ కొలతలోనూ 5 డిగ్రీల దాకా తేడా రావచ్చట! బ్రేస్ ఇప్పుడే అక్కర్లేదు, ఆరు నెలలకి మళ్లీ చూద్దామన్నారు ఎముకల డాక్టరు.

తల్లిదండ్రులకి నా మనవి ఒక్కటే. ప్రతిసారీ ఒకరి చేతే, ఒకే పద్ధతిలో కొలిపించండి.

తిరిగొస్తూ కారులో అది మెల్లగా అడిగింది. "అమ్మా, నేను సరిగ్గా కూర్చోకపోవడం వల్లేనా?"

"కాదు తల్లీ. కూర్చునే తీరు వల్ల ఇది రాదని డాక్టరుగారే చెప్పారు" అన్నాను.

ఆ రోజు నుంచి ఆ మాట అనడం మానేశాను.