చికిత్స వేరు, సృష్టిని మార్చడం వేరు

మా మదర్సాలో ఖుర్ఆన్ నేర్చుకునే ఒక విద్యార్థిని చెల్లెలికి రెట్ సిండ్రోమ్ ఉందని వైద్యులు తేల్చారు. ఏడాదిన్నర దాకా చక్కగా ఎదిగిన పాప క్రమంగా నేర్చిన మాటలు మరచిపోయింది. వస్తువులు పట్టుకోవడం మానేసి, ఎప్పుడూ చేతులు పిసుక్కుంటూ ఉంటుంది. జన్యువులను సరిదిద్దే వైద్యం రాబోతున్నదని విన్న ఆ తల్లి నన్ను రెండు ప్రశ్నలు అడిగింది: "మౌల్వీ సాబ్, ఇది నా పాపానికి శిక్షా? ఆ వైద్యం చేయిస్తే అల్లాహ్ సృష్టిని మార్చినట్టవుతుందా?"

మొదటి ప్రశ్నకు వైద్యశాస్త్రమే స్పష్టమైన సమాధానం ఇస్తున్నది. ఎం.ఇ.సి.పి.2 అనే జన్యువులోని లోపమే ఈ వ్యాధికి మూలమని 1999లో, లెబనాన్‌లో జన్మించిన శాస్త్రవేత్త హుదా జొగ్బీ బృందం అమెరికాలో కనుగొన్నది. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇది వస్తుంది. అత్యధిక సందర్భాల్లో ఇది వంశపారంపర్యం కాదు. ఆ బిడ్డలోనే కొత్తగా ఏర్పడిన మార్పు. గర్భంతో ఉన్నప్పుడు తల్లి తిన్నదీ, చేసినదీ దీనికి కారణం కాదు. కనుక కోడలిని నిందించే అత్తింటివారూ, జిన్నుల పేరు చెప్పి డబ్బు గుంజేవారూ అల్లాహ్‌కు భయపడాలి.

ఇక వైద్యం సంగతి. 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం, వ్యాధి ముదిరిన చిట్టెలుకల్లో ఆ జన్యువును తిరిగి పనిచేయించగా అనేక లక్షణాలు తగ్గిపోయాయి. అంటే మెదడు కణాలు నశించలేదు, వాటి పని మాత్రమే కుంటుపడింది. 2025లో ఫిలడెల్ఫియాలో ఒక శిశువుకు, కాలేయంలోని జన్యులోపాన్ని సరిచేసేందుకు ఆ ఒక్క బిడ్డ కోసమే తయారుచేసిన మందు ఇచ్చారు. అయితే కాలేయాన్ని చేరినంత సులువుగా మందు మెదడును చేరదు. పైగా ఈ జన్యువు పని అతిగా పెరిగినా మరొక వ్యాధి కలుగుతుంది. అందుకే రెట్ విషయంలో జన్యువును సరిదిద్దే ప్రయత్నం ఇంకా పరిశోధన దశలోనే ఉన్నది.

సృష్టిని మార్చమని షైతాన్ మనుషులను పురికొల్పుతాడని నిసా సూరా హెచ్చరిస్తున్నది. కానీ వైద్యం చేయించుకోవచ్చా అని అడిగిన ఎడారివాసులకు దైవప్రవక్త (స) అనుమతినివ్వడమే కాక, వార్ధక్యం తప్ప ప్రతి వ్యాధికీ మందు ఉందని తెలియజేశారు. 1998లో మక్కాలో సమావేశమైన ఫిఖ్ అకాడమీ, అంతకంటే పెద్ద హాని కలగనంత వరకు, వ్యాధి నివారణకూ చికిత్సకూ జన్యుశాస్త్రాన్ని వినియోగించుకోవచ్చని తీర్మానించింది; మానవ స్వభావాన్నీ వ్యక్తిత్వాన్నీ మార్చే చేష్టలను నిషేధించింది. విరిగిన ఎముకను అతికించడం సృష్టిని మార్చడం కానప్పుడు, దెబ్బతిన్న జన్యువును యథాస్థితికి తేవడం ఎలా అవుతుంది? పిండాన్నే మార్చి, ఆ మార్పును రాబోయే తరాలకు అంటగట్టడం వేరు. 2018లో చైనాలో అలా చేసిన శాస్త్రవేత్తకు అక్కడి న్యాయస్థానం జైలుశిక్ష విధించింది.

ఆ చికిత్స వచ్చేదాకా ఈ బిడ్డలు మన చేతుల్లోని అమానత్. మాట లేకపోయినా వీరిలో చాలామంది చూపుతో తమ మనసు తెలుపుతారు. ఆ చూపును చదవడం ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలి. ఫిజియోథెరపీ మానకూడదు. మందు దొరికిందని ప్రకటనలిచ్చేవారికి నగలమ్మి డబ్బు ధారపోయకూడదు. పెళ్లిళ్లకూ, పండుగలకూ ఈ పిల్లలను దాచిపెట్టకుండా వెంట తీసుకువెళ్లాలి. దుఆ చేద్దాం, వైద్యాన్నీ వెతుకుదాం. ఈ రెంటిలో ఏ ఒక్కటీ రెండవదానికి ఆటంకం కాదు.